నాచారం సందులో పంతొమ్మిది బాక్సులు

మూడేళ్ళు పనిచేసి మానేసిన మనిషి ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం కొంత హాస్యాస్పదమే. అది రిటైరైన వాళ్ళకు నప్పే పని. అయినా రాస్తున్నాను. నెట్‌వర్క్ ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి వాళ్ళు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, రిపోర్టు చదవడం ఎలా నేర్చుకున్నారని. ఒక మనిషి పని పోగొట్టి నేర్చుకున్నాను. ఇంతకన్నా చిన్న జవాబు నా దగ్గర లేదు. పెద్ద జవాబు ఇది.

నాచారం పారిశ్రామికవాడలో, ఒక మందుల కంపెనీ ప్రహరీని ఆనుకుని మా కేబుల్ నెట్‌వర్క్ కంట్రోల్ ఆఫీసు ఉండేది. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం చివరి దాకా ఇళ్ళలో ఉన్న సెట్‌టాప్ బాక్సులన్నిటినీ మా యంత్రం ప్రతి ఉదయం ఒక్కొక్కటిగా పలకరిస్తుంది. బాక్సు బదులిస్తుంది. పిలుపుకూ బదులుకూ మధ్య పట్టిన కాలాన్ని బాక్సుల వారీగా వరుసపెట్టి ఇచ్చేదే ఆలస్యం రిపోర్టు. సెకనును కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మా లెక్కలో ఒక పాయింటు. తీగ పది మీటర్లు పెరిగితే ఒక పాయింటు పెరుగుతుంది. ఈ కథ వరకు సాంకేతికంగా మీకు కావలసింది ఇంతే.

బాక్సు ఉన్నచోటే ఉంటే ఆ సంఖ్య మారదు. మారిందంటే బాక్సు చోటు మారిందని మా ఆఫీసు నమ్మకం. ఒక ఇంటి పేరున ఇచ్చిన బాక్సు ఇంకో చోట పనిచేయడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి ఆ రిపోర్టును మేము లోపాలు వెతకడానికి కన్నా మనుషులను వెతకడానికే ఎక్కువగా వాడేవాళ్ళం. ఆ అలవాటు నేర్పింది మా మేనేజర్ గారు. కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా రామంతాపూర్‌లో స్థిరపడిన మనిషి, మాట మెత్తన. నేను చేరిన రోజే చెప్పారు: "అంకె దానంతటది కదలదమ్మా. కదిలిందంటే దాని వెనక ఓ చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో చూడు, చాలు."

నాకు ఆ మాట నచ్చింది. ఘట్‌కేసర్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. ప్రశ్నించడం ఒక నైతిక బాధ్యత అని మనసారా నమ్మేదాన్ని, ఇప్పటికీ నమ్ముతాను. డిబేట్‌లో ఒక నియమం ఉంది: ప్రత్యర్థి ఖండించకుండా వదిలేసిన వాదనను అతడు ఒప్పుకున్నట్లే లెక్కిస్తారు. ఆ నియమం మీద ఎన్ని కప్పులు గెలిచానో! డిబేట్ వేదిక మీద అది పనికొస్తుంది. అక్కడ నోరు విప్పని వాడి దగ్గర మైకు ఉంటుంది కాబట్టి.

నా పక్క బల్ల కస్టమర్ కేర్ అక్కది. నాచారంలోనే పుట్టి పెరిగిన మనిషి, హెడ్‌సెట్ మెడలో హారంలా వేలాడుతుండేది. నన్ను చెల్లె అనేది, కోపం వస్తే లాయరమ్మ అనేది. ఇక ఈ కథకు అసలు మనిషి మా లైన్‌మన్. నలభై అయిదేళ్ళు ఉంటాయి. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ స్తంభం మీద ఏ తీగ ఎటు పోతుందో ఆయనకు కాగితం చూడకుండా తెలుసు. పధ్నాలుగేళ్ళుగా అదే పని. నీలం రంగు హెల్మెట్, నడుముకు పనిముట్ల బెల్టు. ఆఫీసు గదుల్లోకి వచ్చినప్పుడు ఆ బెల్టు కుర్చీకి తగులుతుందని నిలబడే మాట్లాడేవారు.

ఒక సోమవారం రిపోర్టులో నాచారంలోని ఒకే సందుకు చెందిన పంతొమ్మిది బాక్సుల ఆలస్యం పెరిగి కనిపించింది. అన్నిటికీ ఒకే పెరుగుదల, ఇరవై ఆరు పాయింట్లు. ఆ సందులోవే మరో ఇరవై రెండు బాక్సుల ఎదుట మార్పు చూపే గడులు ఖాళీగా ఉన్నాయి. మార్పు ఉంటే సంఖ్య పడేది, పడలేదు కాబట్టి మార్పు లేదు అనుకున్నాను. నా మొదటి తప్పు అదే. అది ఎంత సహజంగా జరిగిందంటే, తప్పు చేస్తున్న చప్పుడు కూడా వినిపించలేదు.

ఇరవై ఆరు పాయింట్లంటే రెండు వందల అరవై మీటర్లు. మ్యాప్ తెరిచి చూశాను. ఆ సందు నుంచి అంత దూరంలో, వెనుక వీధిలో, పారిశ్రామికవాడలో పనిచేసే ఆడపిల్లల హాస్టల్ ఉంది. పంతొమ్మిది బాక్సులు ఒకే దూరం ఎందుకు జరిగాయన్న ప్రశ్నకు జవాబు దానంతటదే వచ్చి కూర్చుంది: అన్నీ ఒకే కట్టడంలోకి వెళ్ళాయి. ఇళ్ళు ఖాళీచేసిన వాళ్ళ బాక్సులను ఎవరో పోగుచేసి హాస్టల్ గదుల్లో పెట్టారు. ఆ ఎవరో నిచ్చెన ఉన్న మనిషే అయ్యుండాలి.

నిర్ధారించుకుందామని జాబితాలోని ముగ్గురు చందాదారులకు ఫోన్ చేశాను. ముగ్గురూ ఎత్తలేదు. పుస్తకంలో రాసుకున్నాను, ఇళ్ళు ఖాళీ అయి ఉండవచ్చునని.

"మన లైన్‌మన్ అన్నకు ఆ హాస్టల్‌తో ఏమైనా సంబంధం ఉందా అక్కా?" అని మాటల్లో అడిగాను.

"ఉండక? ఆడ వంట జేసేది ఆయన చెల్లెనే. పగటి బువ్వ ఆడనే తింటడు. ఏందే, గట్ల సూస్తున్నవ్? పప్పుచారు గూడ నేరమేనా నీ కోర్టుల?"

నేను నవ్వాను. అది కూడా రాసుకున్నాను.

ఆ సాయంత్రం హాస్టల్ గేటు దగ్గరికి వెళ్ళాను. వార్డెనమ్మ గేటు సగమే తీసి, ఆ సగానికి తనే అడ్డంగా నిలబడింది.

"ఎవలు గావాలె?"

"కేబుల్ ఆఫీసు నుంచి. మీ గదుల్లో టీవీలు ఎన్ని ఉన్నాయండీ?"

"టీవీ లేదు, గీవీ లేదు. పో బిడ్డ, లోపల పిల్లలు స్నానాలు జేస్తున్రు."

ఆమె అలా అంటుండగానే లోపలి నుంచి ఏదో సీరియల్ పాట స్పష్టంగా వినిపించింది. ఆమె వెనక్కి చూసి గేటు వేసేసింది. చెబుతున్నాను కదా, ఆ రోజుల్లో అబద్ధం దొరికితే నాకు ఆకలి కూడా వేసేది కాదు. కేబుల్ ఆఫీసు అన్నా నమ్మక ఆమె నన్ను మున్సిపల్ ఆఫీసు మనిషి అనుకుందని, గదికి పట్టవలసినంత కన్నా ఎక్కువ మంచాలు వేసిన భయంతో గేటు వేసిందని, ఆ టీవీ ఆమె సొంత గదిలో డిష్ మీద నడుస్తోందని చాలా రోజుల తరువాత తెలిసింది. ఆమె దాచింది మంచాలను. నేను బాక్సులను దాచిందనుకున్నాను.

బుధవారం మేనేజర్ గారి గదిలో విచారణ. ఆయన, నేను, మాటలు రాసుకోవడానికి అక్క, ఎదురుగా నిలబడి లైన్‌మన్. నేను కాలేజీలోలాగే లేచి నిలబడి మాట్లాడాను. పంతొమ్మిది బాక్సులు ఒకే రోజు ఒకే దూరం జరిగాయి, అదే సందులో ఇరవై రెండు కదల్లేదు, కాబట్టి లోపం తీగది కాదు. ఆ దూరంలో ఉన్నది హాస్టల్. హాస్టల్‌కు మీరు రోజూ వెళ్తారు. వార్డెన్ టీవీ లేదని అబద్ధమాడింది. "వీటిలో ఏ ఒక్కటి తప్పో చెప్పండి," అన్నాను.

ఆయన కాసేపు నా చేతిలోని కాగితం వైపు చూశారు. "మేడమ్, మీరు ఒక్కపారి సందులకు రాండ్రి. పోల్ కాడ నిలవడితె మీకే సమజైతది."

"పోల్ మీద ఏముందన్నది కాదు ప్రశ్న. అంకె ఎందుకు మారిందన్నది."

"నాకు అంకెలు ఎర్క లేవు మేడమ్. నాకు తీగ ఎర్క." మేనేజర్ గారి వైపు తిరిగారు. "సార్, మీకు ఎర్కనే గద?"

మేనేజర్ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "అమ్మాయి అడిగినదానికి చెప్పవయ్యా ముందు," అన్నారు.

లైన్‌మన్ ఇంకేమీ మాట్లాడలేదు. నేను నిమిషం సేపు ఆగాను, న్యాయంగా ఉండాలని. తరువాత అక్కతో అన్నాను: "సమాధానం లేదు. రాసుకో అక్కా."

ఆయన నడుము బెల్టు విప్పి బల్లమీద పెట్టారు. కటింగ్ ప్లేయరు, టెస్టరు, తీగ ఒలిచే కత్తి అన్నీ దానికే ఉన్నాయి. హెల్మెట్ దాని పక్కన పెట్టారు. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా పనికి రావద్దని మేనేజర్ గారు చెప్పారు. తలుపు దగ్గర ఆగి లైన్‌మన్ నాతో ఒకే మాట అన్నారు. "నేను ఇయ్యాల్టి దాంక ఆ సందుల అందరిండ్లల్లకు పోయిన మేడమ్. రేపటి సంది గేటు కాడనే నిలవెడ్తరు."

అప్పుడు నాకు అది వాదన కాదనిపించింది, సానుభూతి కోసం అన్న మాటగా కొట్టిపారేశాను. ఇన్నాళ్ళకు ఆలోచిస్తే ఆ గదిలో సరైన వాదన అదొక్కటే. లైన్‌మన్ పని ఇళ్ళలోకి వెళ్ళే పని. దొంగ అన్న మాట పడ్డాక ఆ పని ఇక లేదు.

మరునాడు అక్క నా బల్ల మీద ఖాళీ టీ గ్లాసు బోర్లించింది. "కప్పు గెలిచినవ్ గద లాయరమ్మా. గిదే నీ కప్పు. పెట్టుకో."

పది రోజుల తరువాత అక్క బల్లకు రావలసిన ఒక ఫోన్ నాకు వచ్చింది. రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన, నాచారం ఆ సందులోనే ఇల్లు. "ఏమ్మా, మీ లైన్‌మన్ కనబడటం మానేశాడేం? మా వీధిలో తవ్వకాలు ఇంకా నడుస్తున్నాయి. తీగలు మేం చూసుకోవాలా?"

ఫోన్ నంబరుతో పాటు బాక్సు నంబరు తెర మీద పడింది. పంతొమ్మిదింటిలో ఒకటి. నా లెక్క ప్రకారం అది హాస్టల్‌లో ఉండాలి.

"మీ బాక్సు ఎక్కడుందండీ?"

"ఎక్కడుంటుంది? టీవీ కింద."

"దాని వెనక స్టిక్కర్ మీది నంబరు చదవగలరా?"

ఆయన లేచి, కళ్ళజోడు వెతుక్కుని, చదివారు. అదే నంబరు. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన మీకు నిజాయితీగా చెప్పాలి: ఈయన కూడా కుమ్మక్కే అనుకున్నాను. స్టిక్కర్ ఊడదీసి వేరే బాక్సుకు అంటించవచ్చు కదా! ఆ అనుమానంతోనే గంటలో ఆయన ఇంటి ముందు దిగాను.

బాక్సు టీవీ కిందే ఉంది. స్టిక్కర్‌ను గోటితో గీకి చూశాను. పెద్దాయన పక్కనే నిలబడి నన్ను గమనించారు. అక్కకు ఫోన్ చేసి ఆ నంబరును అప్పటికప్పుడు పలకరించమన్నాను. బదులు వచ్చింది. ఇరవై ఆరు ఎక్కువతోనే వచ్చింది. బాక్సు నా కళ్ళ ముందే, ఉండవలసిన ఇంట్లోనే ఉంది, సంఖ్య మాత్రం పెరిగి ఉంది.

"దొరికిందా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"మీ పక్కింటి బాక్సు ఒకసారి చూడొచ్చా?"

పక్కింటిది పెద్ద నల్ల బాక్సు, పాత రకం. నా జాబితాలో ఖాళీ గడి ఉన్న నంబరు. దాన్ని కూడా పలకరించమని అక్కతో అన్నాను.

"అది పలకది చెల్లె. పాత డబ్బాలు మాట వినుడే గని జవాబియ్యవు. ఎన్నడియ్యలే. గిది నీకెర్కలేదా?"

"ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వడిగినవా? నువ్వు చెప్పుడే గద!"

ఇరవై రెండు ఖాళీ గడులు కదలని బాక్సులు కావు, మాట్లాడలేని బాక్సులు. బదులివ్వగలిగిన ప్రతి బాక్సూ ఒకేలా జరిగింది. అంటే జరిగింది బాక్సులు కాదు, ఆ సందు మొత్తానికి వచ్చే తీగ. నేను పెద్దాయన ముందు ఆ సంగతి కొంచెం కొంచెంగా, గొణుక్కుంటున్నట్లు చెప్పాను. ఆయన అంతా విని అన్నారు: "మా రైల్వేలో వెలగని సిగ్నల్‌ని పచ్చ అనుకోమమ్మా. ఎర్ర అనే అనుకుని బండి ఆపుతాం. మీ ఆఫీసులో అలా కాదన్నమాట."

తరువాత నన్ను వీధిలోకి తీసుకెళ్ళి చూపించారు. డ్రైనేజీ కోసం సందును ఒక పక్కగా తవ్వుతున్నారు. జేసీబీ అరటి బండి పక్కన ఆగి ఉంది. సందు పొడవునా ఆరు స్తంభాలు, ప్రతి స్తంభం మీద నల్లని ఫైబర్ తీగ గుండ్రంగా చుట్టి కట్టిన చుట్ట. తవ్వకాలు మొదలవుతాయని తెలిసి లైన్‌మన్ ముందే కొత్త తీగ లాగి, ప్రతి స్తంభం దగ్గర అంత తీగ అదనంగా వదిలారట. జేసీబీ వచ్చినప్పుడల్లా ఒక చుట్ట విప్పి తీగను ఎదురు గోడ మీదికి జరిపేవారట. "పక్క సందులో వారం రోజులు టీవీల్లేవు. మాకు ఒక్క పూట ఆగలేదు," అన్నారు పెద్దాయన.

ఆ తీగ మీద మీటరుకొక అంకె అచ్చువేసి ఉంటుంది. ఫోన్ కెమెరాను పెద్దది చేసి, మొదటి స్తంభం మీది చుట్ట మొదట్లో ఉన్న అంకెను, చివర ఉన్న అంకెను చదివాను. తేడా నలభై మూడు. రెండో స్తంభం దగ్గర కూడా దాదాపు అంతే. ఆరు నలభై మూళ్ళు రెండు వందల యాభై ఎనిమిది. ఇరవై ఆరు పాయింట్లు. పోల్ కాడ నిలవడితె మీకే సమజైతదని ఆయన చెప్పింది ఇదే. అది జవాబు. నేను దాన్ని "సమాధానం లేదు" అని రాయించాను.

ఆఫీసుకు వెళ్ళి మేనేజర్ గారిని అడిగాను. "పాత బాక్సులు బదులివ్వవని మీకు తెలుసు కదా సార్?"

"తెలుసనుకో."

"చుట్టల సంగతి?"

"చెప్పే ఉంటాడు. రోజుకి సవాలక్ష చెబుతారు వీళ్ళు." మెత్తగా నవ్వారు. "నువ్వంత గట్టిగా మాట్లాడుతుంటే నిజమే కాబోలనుకున్నానమ్మా."

ఆయన నిజంగానే మరిచిపోయారా, పైవాళ్ళకు చూపించడానికి ఒక దొంగ దొరికాడని ఊరుకున్నారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు. కానీ ఆయన ఎలాంటి వారైనా, వాదించింది నేను.

విచారణ మళ్ళీ జరగాలని, అదే గది, అదే మనుషులు కావాలని పట్టుబట్టాను. "ఇప్పుడెందుకమ్మా, పైకి పంపేశాం కూడా," అని రెండు రోజులు వాయిదా వేశారు. మూడో రోజు నేనే నేరుగా పైకి ఉత్తరం రాసి, దాని నకలు మేనేజర్ గారి బల్ల మీద పెట్టాను. శనివారం మళ్ళీ అందరం కూర్చున్నాం. నా వాదనను నేనే ఒక్కొక్క మెట్టుగా విరగ్గొట్టాను. నిజం చెప్పాలంటే మొదటిసారి కన్నా బాగా మాట్లాడాను, దానికే ఎక్కువ సిగ్గుపడ్డాను. లైన్‌మన్ ఈసారి కూడా నిలబడే ఉన్నారు. చివర్లో క్షమించమని అడిగాను. ఆయన తల ఊపి, బెల్టు తీసుకుని నడుముకు బిగించుకున్నారు. క్షమించినట్లు తల ఊపారో, విన్నట్లు ఊపారో నేను రాసుకోలేదు.

ఇక్కడితో కథ ముగిస్తే నాకు గౌరవంగా ఉండేది.

తరువాతి సోమవారం రిపోర్టులో ఆ పంతొమ్మిది బాక్సుల ఆలస్యం ఇరవై ఆరు పాయింట్లు తగ్గి పాత సంఖ్యకు వచ్చింది. ఉప్పల్‌లో మరో రెండు సందుల్లోనూ సంఖ్యలు తగ్గాయి. రికార్డులో ఉన్న సంఖ్యలకు ఎక్కడా ఒక్క తేడా లేదు. అంత శుభ్రమైన రిపోర్టు నేను చేరాక చూడలేదు. మేనేజర్ గారు సంతోషించారు. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది, అంకె దానంతటది కదలదని నాకు నేర్పింది ఆయనే కదా.

గురువారం పదకొండు గంటలకు అక్క బల్ల మీద ఫోన్లు ఆగకుండా మోగడం మొదలైంది. నాచారం ఆ సందు మొత్తం ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి జేసీబీ పక్కన తీగ తెగి వేలాడుతోంది. లైన్‌మన్ నిచ్చెన కింద కూర్చుని, మోకాళ్ళ మీద జాయింట్ యంత్రం పెట్టుకుని తెగిన కొనలను శుభ్రం చేస్తున్నారు. స్తంభాల మీద ఒక్క చుట్ట లేదు. ఆరు స్తంభాలకూ తీగ వీణ తీగలా బిగించి ఉంది.

పెద్దాయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయారు.

"లూపులన్నీ తీసేశారా అన్నా?"

ఆయన తల ఎత్తలేదు. "తీసేసిన. లెక్క పెరిగితె దొంగ అంటున్రు గద. ఎంతుండాల్నో గంతే పెట్టిన. రిపోర్టు సాఫ్‌గ వచ్చిందా మేడమ్?"

"వచ్చింది."

"మంచిదాయె."

జాయింట్ అయ్యేదాకా నిలబడ్డాను. రెండు గంటలు పట్టింది. కిటికీల్లోంచి ఒక్కొక్క టీవీ గొంతు లేచింది.

"మళ్ళీ లూపులు వదలండి అన్నా. ఎంత కావాలంటే అంత. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

అప్పుడు ఆయన నా వైపు చూశారు. కోపం లేదు. మా ఆఫీసులో నేను రిపోర్టు వైపు ఎలా చూసేదాన్నో అలా చూశారు.

"నోటి మాట గాదు మేడమ్. రాసియ్యండ్రి."

నా సంచిలో ఫిర్యాదుల చీటీల పుస్తకం ఉంది. ఒక చీటీ చింపి, స్తంభానికి ఆనించి రాశాను: ఈ సందులో ఆరు స్తంభాల మీద అదనపు తీగ ఉంచుతున్నట్లు ఆఫీసుకు తెలుసు, అందువల్ల ఆలస్యం పెరుగుతుంది, అది లైన్‌మన్ తప్పు కాదు. సంతకం చేశాను.

"సదువుండ్రి," అన్నారు. చదివాను. "తారీకు ఏది?" అన్నారు. వేశాను. "సార్ సంతకం?"

"సాయంత్రం చేయించి తెస్తాను."

"అయితె తీగ రేపు ఇడుస్త."

సాయంత్రం మేనేజర్ గారి చేత సంతకం చేయించాను. కళ్ళజోడు తుడుచుకోవడం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడి చేయించాను. మరునాడు లైన్‌మన్ ఆ చీటీని వెలుతురుకు పట్టి రెండు సంతకాలూ చూసుకుని, నాలుగు మడతలు పెట్టి, హెల్మెట్ లోపలి పట్టీ కింద దోపుకున్నారు. ఆ తరువాతే నిచ్చెన ఎక్కారు.

నేను ఆ ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. అక్క మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగాను, ఆ చీటీ ఇంకా ఉందా అని. "ఉన్నది. చినిగిపోతదని ప్లాస్టిక్ కవరేసిండు," అంది.